ఆ విగ్రహానికి జత ఎక్కడుంది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ వేసవిలో పిల్లల దగ్గరికి ఐరోపా వెళ్ళి వచ్చిన పాఠకుల ఉత్తరాల్లో చెక్ దేశ రాజధాని ప్రాగ్ నగరపు వింత విగ్రహాల ప్రస్తావన పదే పదే వచ్చింది. అందుకని ఈ నెల శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను. చెన్నై నుంచి మూడు, బెంగళూరు నుంచి రెండు ఉత్తరాలు ఎంచుకున్నాను. ఆ ఊళ్ళో నేను పది రోజులు కాలినడకన తిరిగాను కనుక, కళ్ళారా చూసిన వాటి గురించే ఎక్కువగా రాస్తాను.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు ప్రాగ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద చౌకులో, ఆ దేశానికి రక్షకుడని చెప్పుకొనే సెయింట్ వెన్సెస్లాస్ గుర్రమెక్కి ఠీవిగా ఉన్న విగ్రహాన్ని చూసి, తెలియకుండానే చేతులు జోడించాను. ఐదు నిమిషాలు గడిచాయో లేదో, పక్కనే ఒక పాత భవనంలో అదే రాజును తలకిందులుగా వేలాడే చచ్చిన గుర్రం పొట్టమీద కూర్చోబెట్టి ఉండడం చూసి నా మనసు చివుక్కుమంది. మన దగ్గర ఎవరైనా ఇలా చేస్తే ఊరుకుంటామా? తమ పూజ్యుణ్ణి తామే కించపరచుకొనే జనాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?
పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: అమ్మా, ఆ రెండు విగ్రహాలనూ మీరు ఒకదాని వెంట ఒకటి చూడడం మంచిదైంది. చాలామంది యాత్రికులు తలకిందుల గుర్రం దగ్గర ఫోటో దిగి వెళ్ళిపోతారు, చౌకులోని విగ్రహాన్ని తలెత్తి కూడా చూడరు. ప్రాగ్‌లో వింత విగ్రహమేదీ ఒంటరిగా పుట్టలేదని నా నమ్మకం. ప్రతిదానికీ ఊళ్ళో ఎక్కడో ఒక జత ఉంటుంది. అది ఒక గంభీరమైన విగ్రహం కావచ్చు, ఒక కట్టడం కావచ్చు, కూల్చేయగా మిగిలిన పీఠమైనా కావచ్చు. ఆ జత కనబడినప్పుడే ఆ వింత మనతో ఏదో చెబుతున్నట్టు తెలుస్తుంది. మీకు మొదటి రోజే జత దొరికింది, అందుకే మనసుకు గుచ్చుకుంది.

వెన్సెస్లాస్ పదో శతాబ్దంలో బొహీమియాను ఏలిన ప్రభువు. సొంత తమ్ముడి మనుషుల చేతిలో హతుడయ్యాడు. దేశానికి పెద్ద ఆపద వచ్చిననాడు ఆయన బ్లానీక్ కొండ కింద నిద్రపోతున్న వీరులను లేపి, వారి ముందు నడుస్తాడని చెక్ ప్రజలు తరతరాలుగా చెప్పుకొంటారు. మీరు నమస్కరించిన విగ్రహం మీద యోసెఫ్ వాత్స్లావ్ మిస్ల్‌బెక్ అనే శిల్పి మూడు దశాబ్దాలకు పైగా శ్రమించాడు. రాజు 1912లో పీఠమెక్కితే, చుట్టూ నిలబడిన మొత్తం నలుగురు పుణ్యపురుషులు, పుణ్యస్త్రీలలో చివరి మూర్తి చేరేసరికి 1924 అయింది. 1968లో సోవియట్ ట్యాంకులు ఊళ్ళోకి వచ్చినప్పుడు కుర్రవాళ్ళు జెండాలతో ఎక్కి నిలబడింది ఆ పీఠంమీదే. ఆ ఆక్రమణకు నిరసనగా 1969 జనవరిలో యాన్ పాలఖ్ అనే 20 ఏళ్ళ విద్యార్థి ఒంటికి నిప్పంటించుకున్నది ఆ చౌకు ఎగువనే. 1989 నవంబరులో జనం లక్షలుగా వచ్చి నిరంకుశ పాలనను సాగనంపిందీ అక్కడే. అది కేవలం అలంకారం కోసం పెట్టిన విగ్రహం కాదు; ఆ జాతి కష్టం వచ్చినప్పుడల్లా పరుగెత్తుకొని వచ్చే చోటు.

ఇక రెండోది. అది డేవిడ్ చెర్నీ అనే శిల్పి 1999లో చేసినది. అది వేలాడుతున్న లుట్సెర్నా భవనాన్ని కట్టించినవారు, తరవాతి కాలంలో దేశాధ్యక్షుడైన వాత్స్లావ్ హావెల్ తాతగారు. అక్కడి సినిమాహాలుకు ఆనుకొని మేడమీద ఒక కాఫీ హోటలు ఉంది. దాని కిటికీ పక్కన, ఆ గుర్రానికి దాదాపు ఎదురుగా నేను గంటసేపు కూర్చున్నాను. నాలుగు కాళ్ళకూ తాళ్ళు కట్టి పైకప్పునుంచి వేలాడదీసిన ఆ జంతువు మెడ కిందికి వాలిపోయి, నాలుక బయటికి జారి ఉంది. కింద దుకాణాలకు వచ్చినవాళ్ళు ఆ తలకింద నుంచే సంచులు మోసుకుంటూ నడిచిపోతున్నారు. పొట్టమీది రాజు మాత్రం ఏమీ జరగనట్టు నిటారుగా కూర్చొని ముందుకే చూస్తున్నాడు. శిల్పి ఆయన ముఖాన్ని వికారం చేయలేదు, భంగిమను వెక్కిరించలేదు. తలకిందులైనదీ, ప్రాణం పోయినదీ గుర్రమే. దీని అర్థం ఇదీ అని చెర్నీ ఎక్కడా విప్పి చెప్పలేదు. నాకు తోచినది ఇది: ఆ రక్షకుడి పేరు చెప్పుకొని అధికారం చెలాయించిన వాళ్ళూ, ఉపన్యాసాలు దంచిన వాళ్ళూ కలిసి ఆయన వాహనాన్ని ఈ గతికి తెచ్చారు, ఇప్పుడు ఆపద వస్తే ఆయన దేనినెక్కి వస్తాడని శిల్పి అడుగుతున్నాడు. మనకు నిందాస్తుతి కొత్త కాదు. చెరసాలలో రామదాసు తన రాముణ్ణి నిలదీసిన తీరును మనం అపచారం అనలేదు, భక్తి అన్నాం. అంత దగ్గరివాడు కనుకనే అంత గట్టిగా అడగగలిగాడు.

అయినా ఆ ఊరివాళ్ళకు ఎత్తైన పీఠాలంటే ఇంత అనుమానం ఎందుకు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి జవాబు నది అవతల, లెత్నా గుట్టమీద దొరుకుతుంది. 1955 మే 1న అక్కడ స్టాలిన్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. 15 మీటర్లకు మించిన ఎత్తు, 22 మీటర్ల పొడవు, 17,000 టన్నుల బరువు, బయటికి కనబడేదంతా రాతి దిమ్మలే. ముందు స్టాలిన్, ఆయన వెనక రెండు వరసల్లో కార్మికులు, రైతులు, సైనికులు. అంగళ్ళలో మాంసం కోసం గంటల తరబడి నిలబడి విసిగిపోయిన ప్రజలు దాన్ని చూసి ‘మాంసం క్యూ’ అని పేరు పెట్టారు. శిల్పి ఓతకర్ ష్వెత్స్ ఆవిష్కరణ జరగకముందే తన ప్రాణం తానే తీసుకున్నాడు. మరుసటి ఏడాదే మాస్కోలో స్టాలిన్ పాలన తీరును ఖండించడంతో, ఆ కొండంత రాయి ఎవరికీ అక్కరలేనిదైపోయింది. 1962 నవంబరులో దాన్ని పేల్చివేశారు. ఖాళీ పీఠంమీద 1991 నుంచి ఒక పెద్ద మెట్రోనోమ్ నిలబడి ఉంది. సంగీతం నేర్చుకొనేవారు లయ తప్పకుండా ఎదురుగా పెట్టుకొనే పరికరానికి అది భారీ రూపం. ఏడేళ్ళపాటు ఊరంతా తలెత్తి చూడక తప్పని చోట ఇప్పుడు ఒక ముల్లు ఇటూ అటూ ఊగుతుంది. నేను ఆ గుట్టెక్కినరోజు స్కేటింగు పలకలతో పిల్లలు ఆ రాతి మెట్లమీద చప్పుడు చేస్తూ ఆడుకుంటున్నారు.

మీరు చూసిన గుర్రాన్ని చేసిన చెర్నీయే, 23 ఏళ్ళ వయసులో, 1991 ఏప్రిల్‌లో, సోవియట్ సైన్యానికి స్మారకంగా పీఠంమీద నిలిపిన ట్యాంకుకు రాత్రికి రాత్రి గులాబీ రంగు పూశాడు. 1945లో నాజీల నుంచి విముక్తి తెచ్చిన సైన్యానికి గుర్తుగా పెట్టిన ట్యాంకు అది. 1968లో ఆక్రమించడానికి వచ్చినవీ ఆ దేశపు ట్యాంకులే. అతణ్ణి అరెస్టు చేశారు, ట్యాంకుకు తిరిగి ఆకుపచ్చ రంగు వేశారు. అప్పుడు పార్లమెంటు సభ్యులు కొందరు, తమ పదవి తమకిచ్చే రక్షణను అడ్డుపెట్టుకొని, స్వయంగా వెళ్ళి మళ్ళీ గులాబీ రంగు పూశారు. ఇప్పుడది గులాబీ రంగుతోనే ఒక సైనిక మ్యూజియంలో ఉంది. ఇంత చరిత్ర తెలిశాక కూడా మీకు ఆ గుర్రం నచ్చకపోవచ్చు. దాన్ని చూసి బాధపడే చెక్ పెద్దవారూ ఉంటారు. కానీ అది నిర్లక్ష్యంతో చేసిన పని మాత్రం కాదని మీకు నేను నిక్కచ్చిగా చెప్పగలను.

ప్రశ్న: రచయిత ఫ్రాంజ్ కాఫ్కా మ్యూజియం ముంగిట ఇద్దరు మగవాళ్ళ కంచు విగ్రహాలు ఎదురెదురుగా నిలబడి మూత్రం పోస్తుంటాయి. పదేళ్ళ మా పాప, మా అత్తగారు పక్కనే ఉండడంతో ఎటు చూడాలో తెలియలేదు. చుట్టూ జనం మాత్రం సంబరంగా ఫోటోలు తీసుకుంటున్నారు. ఇందులో కళ ఏముందో చెప్పగలరా?
పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీ ఇబ్బంది సహజం. అది కూడా చెర్నీ 2004లో చేసినదే. తలతిప్పుకున్నవారు తప్పిపోయే విషయం ఒకటుంది: ఆ ఇద్దరూ నిలబడిన నీటి తొట్టి అంచులను గమనిస్తే, అది చెక్ దేశపటం ఆకారంలో ఉంటుంది. విగ్రహాల నడుములు లోపలి యంత్రంతో కదులుతుంటాయి, ఆ కదలికకు తగ్గట్టు పడే ధార నీటిమీద అక్షరాలు రాస్తుంటుంది. రాసిన అక్షరం మరుక్షణమే చెదిరిపోతుంది. సొంత దేశాన్ని ఎవరెవరు ఏ రకంగా వాడుకుంటున్నారో చూడమని శిల్పి అంటున్నాడనుకుంటాను. ఆ మాటలో కోపం ఉంది, కోపానికి కారణమూ ఉంది. అయినా చెర్నీ పనుల్లో నేను రెండోసారి వెళ్ళి చూడాలని అనుకోనిది ఇదొక్కటే. గుర్రం దగ్గర గంటసేపు కూర్చోబెట్టిన ఆలోచన ఇక్కడ పది నిమిషాలలో అయిపోయింది.

ఇలాంటి వాటికి ఐరోపాలో పాత వంశమే ఉంది. బ్రసెల్స్ నగరంలో 1619 నాటి నమూనాతో చేసిన ‘మానెకెన్ పిస్’ అనే మూత్రం పోసే పసివాడి కంచు బొమ్మ ప్రసిద్ధం. దాని ఎత్తు రెండడుగులు కూడా లేదు. ఒకప్పుడు ఆ వీధివాళ్ళు మంచినీళ్ళు పట్టుకొనే ధార అది. పండుగలకూ, విదేశీ అతిథులు వచ్చినప్పుడూ దానికి బట్టలు తొడిగే ఆచారం ఉండడంతో, ఇప్పుడు ఆ పసివాడికి వెయ్యికి పైగా దుస్తులున్నాయి. ముద్దుబిడ్డకు చొక్కాలు కుట్టించిన తల్లిలా ఒక ఊరు ప్రవర్తించడం నాకు ఎంతో నచ్చింది. మళ్ళీ వెళ్తే మీ పాపను ముందు అక్కడికి తీసుకువెళ్ళండి. ప్రాగ్‌లోని తొట్టి దగ్గర మాత్రం, విగ్రహాలను వదిలేసి, తొట్టి ఏ దేశం ఆకారంలో ఉందో కనిపెట్టమని అడగండి.

ప్రశ్న: ప్రాగ్‌లో ఒక టీవీ టవరుమీద పెద్ద పెద్ద పసిపిల్లల బొమ్మలు పాకుతున్నాయి. నది ఒడ్డు పార్కులో అలాంటివే మూడు ఉంటే, మా ఏడేళ్ళ మనవడు ఒకదాని వీపెక్కి ఆడుకున్నాడు. దిగివచ్చి, ‘తాతా, పాపకు మొహం ఎందుకు లేదు?’ అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. మీరేం చెబుతారు?
పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: మీ మనవడు అడగవలసిన ప్రశ్నే అడిగాడు. ఆ పిల్లలకు కళ్ళు, ముక్కు, నోరు ఉండవలసిన చోట యంత్రంలో కాగితం దూర్చే సందులాంటి చీలికలున్నాయి, అంతే. దీని జత టవరే. జిష్కోవ్ పేటలో 216 మీటర్ల ఎత్తున నిలిచిన ఆ టవరు నిర్మాణం 1985లో మొదలై, ప్రభుత్వం మారిపోయిన తరవాత 1992లో ముగిసింది. పాత యూదుల శ్మశానంలో కొంత భాగాన్ని తవ్వి కట్టారన్న బాధ, పశ్చిమ దేశాల ప్రసారాలను అడ్డుకోవడానికే కడుతున్నారన్న అనుమానం ఆ పేటవాళ్ళకు చాలాకాలం ఉండేవి. నగరంలో ఎక్కడినుంచి చూసినా కనబడే ఆ ఇనుప కట్టడాన్ని ఇష్టపడినవారు తక్కువ. 2000 సంవత్సరంలో చెర్నీ దానిమీదికి పదిమంది ముఖాల్లేని పాపలను పాకించాడు. తాత్కాలికంగా పెట్టినవే అయినా జనం వాటిని కావాలనుకోవడంతో, 2001లో మళ్ళీ పైకెక్కాయి. ఊరు అసహ్యించుకున్న టవరుమీదికి పసిపిల్లలు పాకేసరికి, దానివైపు చూసే చూపే మారిపోయింది.

మనవడికి నేనైతే ఇలా చెబుతాను: పొద్దస్తమానం టీవీ పెట్టె చెప్పింది వింటూ పెరిగిన పిల్లలకు తమ మొహం తమకు మిగలదేమోనని ఆ శిల్పికి భయం వేసింది, ఆ భయాన్ని బొమ్మగా చేశాడు. ఇది నా ఊహే కానీ, ఏడేళ్ళ పిల్లవాడు దీన్ని సులువుగా అందుకుంటాడు. కంపా పార్కులోని ఆ మూడు కంచు పాపల వీపులు పిల్లలు ఎక్కి జారి జారి ఎలా నున్నబడ్డాయో మీరు గమనించే ఉంటారు. మన శివాలయాల్లో నంది వీపు కూడా అలాగే మెరుస్తుంది.

ప్రశ్న: పై చదువుకు జర్మనీ వెళ్తున్నాను. మధ్యలో ప్రాగ్‌లో ఒక్క రోజు ఆగుతాను. అక్కడి సరదా విగ్రహాలన్నీ ఒక్క రోజులో నడిచి చూడడం కుదురుతుందా? ఏ క్రమంలో చూడాలి?
పాఠకుడు, జయనగర్, బెంగళూరు

జవాబు: కుదురుతుంది. వీటిలో చాలావాటికి టిక్కెట్టు కూడా లేదు, అన్నీ వీధుల్లోనే ఉన్నాయి. గట్టి బూట్లు వేసుకోండి, ఆ ఊరి పాత వీధులన్నీ రాళ్ళు పరిచినవే. పొద్దున్నే వెన్సెస్లాస్ చౌకులో రెండు గుర్రాలతో మొదలుపెట్టి, నారోద్నీ త్రీదా మెట్రో దగ్గరికి నడవండి. అక్కడ దుకాణ సముదాయం వెనక ముంగిట్లో, 2014లో నిలిపిన కాఫ్కా తల ఉంది: 11 మీటర్ల ఎత్తు, అద్దంలా మెరిసే ఉక్కు పొరలు 42. ఒక్కో పొర తన దారిన తాను తిరుగుతుంటే ముఖం ముక్కలుగా విడిపోయి, గడ్డం ఒకవైపు, నుదురు మరొకవైపు వెళ్ళిపోయి, చివరికి ఎవరి ముఖమో తెలియని లోహపు దొంతర మిగులుతుంది. మీరు ఆశ వదులుకొనేసరికి ఒక్కొక్క పొరా సర్దుకొని మళ్ళీ ఆయనే ఎదుట నిలుస్తాడు. పగలంతా కార్మికుల ప్రమాద బీమా సంస్థలో దస్త్రాలు చూసి, రాత్రివేళ రాసుకొన్న రచయిత ఆయన. ఆ తల చుట్టూ ఉన్నవి ఆఫీసు భవనాలే, మెరిసే పొరల్లో ప్రతిఫలించేదీ వాటి కిటికీలే. దాని జత కోసం వేరే వెతకనక్కరలేదు.

అక్కడినుంచి పాతబస్తీలోని హుసోవా వీధికి వెళ్ళి తలెత్తి చూడండి. ఇంటికప్పు మీదినుంచి వీధిలోకి పొడుచుకొచ్చిన దూలాన్ని ఒక్క చేత్తో పట్టుకొని ఒక గడ్డం పెద్దమనిషి వేలాడుతుంటాడు, రెండో చెయ్యి జేబులో ఉంటుంది. మనసు లోతులు తవ్వి చూపిన సిగ్మండ్ ఫ్రాయిడ్ ఆయన. ఇప్పటి చెక్ దేశంలోని ప్రీబోర్ అనే చిన్న ఊళ్ళో 1856లో పుట్టాడు. 1996 నాటి ఈ బొమ్మను మొదటిసారి చూసినవాళ్ళు నిజం మనిషే అనుకొని ఉలిక్కిపడతారు. పట్టు వదలడానికి ఎంతో దూరంలో లేని మనిషి జేబులో చెయ్యి పెట్టుకొని అంత తీరుబడిగా ఉండడం చాలాసేపు మనసులోంచి పోదు.

తరవాత దుష్నీ వీధిలో, యూదుల ప్రార్థనా మందిరం పక్కన, యరోస్లావ్ రోనా 2003లో చేసిన కాఫ్కా విగ్రహం. తలా, చేతులూ లేని ఒక పెద్ద ఖాళీ కోటు నడిచిపోతుంటే, దాని భుజాలమీద చిన్న కాఫ్కా కూర్చొని వేలు చాపి దారి చూపిస్తుంటాడు. ఆయన తొలినాటి కథలో ఒక మనిషి మరొకరి భుజాలమీదికి దూకి స్వారీ చేసే ఘట్టం ఉంది, ఊహ అక్కడిది. నా దృష్టిలో ఊరు మొత్తంమీద ఇదే అన్నిటికంటే మంచి శిల్పం. కోటు మెడ లోపలికి తొంగిచూస్తే చీకటి తప్ప ఏమీ లేదు, అయినా ఆ కోటు నడక ఎంతో నమ్మకంగా ఉంటుంది.

మధ్యాహ్నం చార్లెస్ వంతెన దాటండి. అక్కడి 30 విగ్రహాల్లో అన్నిటికంటే పాతది 1683 నాటి జాన్ నెపోముక్ అనే మతగురువుది. 1393లో రాజాజ్ఞతో ఆయనను ఈ నదిలోనే పడేశారు. పీఠంమీది కంచు పలకలను కోరికలతో తాకి తాకి జనం బంగారంలా మెరిపించారు. అవతలి ఒడ్డున కంపా పార్కు పాపలను చూసి, పెత్రీన్ కొండ దారి పట్టండి. పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయంగా ఉండిన లోబ్కోవిట్స్ భవనం వెనక కంచెలోంచి, నాలుగు కాళ్ళమీద నిలబడిన, తూర్పు జర్మనీలో తయారైన ట్రాబాంట్ కారు బొమ్మ కనబడుతుంది. 1989లో వేలమంది తూర్పు జర్మన్లు తమ కార్లను ప్రాగ్ వీధుల్లో వదిలేసి, ఆ కంచె దూకి లోపల తలదాచుకున్నారు. ఆ కంచే దానికి జత.

ఇక మీరు ‘సరదా’ అన్నారు కనుక ఒక మాట ముందే చెప్పాలి. అదే కొండ అడుగున, ఊయెజ్ద్ వీధి పక్కన, కొన్ని మెట్లున్నాయి. ఆ మెట్లమీద ఓల్బ్రామ్ జోబెక్ 2002లో నిలిపిన కంచు మనుషులున్నారు. కింది మెట్టుమీది మనిషి నిండుగా ఉంటాడు. పైకి పోయేకొద్దీ అదే మనిషికి ఛాతీ చీలిపోతుంది, చెయ్యి ఊడిపోతుంది, తల సగమవుతుంది, చివరికి కాళ్ళు మాత్రం మిగులుతాయి. దూరంనుంచి చూసి ఇదీ ఒక వింతే అనుకొని నేను త్వరత్వరగా దగ్గరికి వెళ్ళాను. మెట్ల మధ్యగా పరచిన లోహపు పట్టీ మీది అంకెలు చదివాక కాలు ముందుకు పడలేదు. కమ్యూనిస్టు పాలనలో శిక్షపడినవారు 2,05,486 మంది, ఉరితీయబడినవారు 248 మంది, జైళ్ళలో మరణించినవారు 4,500 మంది, సరిహద్దు దాటబోతూ ప్రాణాలు పోగొట్టుకొన్నవారు 327 మంది, దేశం విడిచిపోయినవారు 1,70,938 మంది. అక్కడ ఫోటో తీసుకొనేటప్పుడు ఆ మనుషుల భుజాలమీద చేతులు వేసి నవ్వకండి, మీ స్నేహితులకు కూడా చెప్పండి. చివరగా సాయంత్రానికి లెత్నా గుట్టెక్కితే, మెట్రోనోమ్ పక్కనుంచి వల్తావా నదిమీది వంతెనలన్నీ వరసగా కనబడతాయి.

ప్రశ్న: మన చెన్నై ఐలాండ్ మైదానం దగ్గర గుర్రంమీద ఉన్న, ఒకప్పటి మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో విగ్రహానికి జీను లేదు, కాళ్ళు ఆన్చుకొనే రికాబులూ లేవు. శిల్పి మరిచిపోయాడనీ, ఆ తప్పు తెలిసి ప్రాణం తీసుకున్నాడనీ చిన్నప్పటినుంచీ వింటున్నాను. నిజమా? ఐరోపాలాంటి వింత విగ్రహాలు మన ఊళ్ళో ఇంకా ఉన్నాయా?
విశ్రాంత ఉపాధ్యాయుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: మాస్టారూ, ఆ కథను నేనూ బస్సు కిటికీ పక్కన కూర్చొని విన్నాను. కథ నిజం కాదు. విగ్రహం చేసిన ఫ్రాన్సిస్ చాంట్రీ ఆ కాలపు ఇంగ్లండులో పేరుమోసిన శిల్పి. మన్రో విగ్రహాన్ని లండన్లో పోతపోసి ఓడలో పంపారు, 1839లో ఇక్కడ నిలిపారు. చాంట్రీ 1841లో సహజ మరణమే పొందాడు. లండన్ ట్రఫాల్గర్ చౌకులో ఆయనే చేసిన నాలుగో జార్జి రాజు విగ్రహం ఉంది. ఆ రాజుకూ జీను లేదు, రికాబులూ లేవు. రెండు గుర్రాల దగ్గర ఒకే వస్తువును ఒకే శిల్పి మరిచిపోడు కదా. ఆయన కళ్ళముందు ఉన్నది ప్రాచీన రోము పద్ధతి. చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ గుర్రమెక్కిన కంచు విగ్రహంలోనూ రికాబులు కనబడవు, ఎందుకంటే ఆనాటి రోమన్లకు రికాబు అనే వస్తువే తెలియదు. మనకు మరపుగా కనబడినది నిజానికి ఒక పాత మర్యాద. చెయ్యని తప్పుకు చాంట్రీకి మనం అంటగట్టిన విషాదం, ప్రాగ్‌లో ఓతకర్ ష్వెత్స్ విషయంలో నిజంగానే జరిగిందని పైన చదివారు. ఆ రెండు కథలనూ కలిపి చూసినప్పుడు, మన ఊరి కథను ఇకమీదట పిల్లలకు చెప్పకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది.

మన ఊళ్ళో వింతలు తక్కువే కానీ, పీఠాలను దించిన సందర్భం ఉంది. 1857 తిరుగుబాటును అణచడంలో క్రూరుడనిపించుకొన్న నీల్ దొర విగ్రహం మౌంట్ రోడ్డులో ఉండేది. 1927లో దానిమీద సత్యాగ్రహం జరిగింది, 1937లో దాన్ని తీసి ఎగ్మూరు మ్యూజియంలో పెట్టారు. మెరీనాలో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి చేసిన శ్రామికుల శిల్పాన్ని కూడా నేను ఈ కోవలోనే చూస్తాను. ఊరినిండా పేరున్నవారి విగ్రహాలుండగా, 1959లో నిలిపిన ఆ నలుగురు పేరులేని మనుషులు ఇప్పటికీ ఆ బండను కదిలించడానికి ఒళ్ళు వంచుతూనే ఉన్నారు.

మన్రో దగ్గరికే మళ్ళీ వస్తాను. చెన్నైలోని ఆ కంచు రౌతుకు ఒక జత లండన్లో ఉంది, ఒకటి రోములో ఉంది. మూడోది మన రాయలసీమలో ఉంది. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు ఆయన ప్రధాన కలెక్టరు. ఊరూరా గుడారం వేసుకొని రైతుల మొర విన్నవాడని పేరు. గవర్నరై, స్వదేశానికి వెళ్ళేముందు పాత జిల్లాలను మరొకసారి చూడాలని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. ఆ సీమ పల్లెల్లో చాలాకాలం పిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకొనేవారు. చెన్నైలోనో బెంగళూరులోనో స్థిరపడిన మన పాఠకుల కుటుంబాల్లో ఆ పేరుగల ముత్తాత ఎవరైనా ఉండి ఉంటే, ఆ పేరు ఎలా వచ్చిందని ఇంట్లో చెప్పుకొనేవారో దయచేసి మాకు రాయండి. వచ్చే నెల శీర్షికను ఆ ఉత్తరాలతోనే మొదలుపెడతాను.